వెక్టార్ పొటెన్షియల్ నిజంగా ఉందా, లెక్క కోసం పెట్టుకున్నదా? ఒక పాత పేచీ వెనక కథ

సన్నటి పొడవాటి సోలెనాయిడ్‌లో, అంటే తీగచుట్టలో, కరెంట్ పంపిస్తే మాగ్నెటిక్ ఫీల్డ్ అంతా దాని లోపలే ఉంటుంది, బయట దాదాపు ఏమీ ఉండదు. ఇప్పుడు ఎలక్ట్రాన్ బీమ్‌ని రెండుగా చీల్చి ఒకదాన్ని ఎడమ పక్కనుంచి, ఇంకోదాన్ని కుడి పక్కనుంచి పంపి అవతల కలిపితే చారలు చారలుగా ప్యాటర్న్ వస్తుంది, లోపలి కరెంట్ మారిస్తే ఆ చారలు పక్కకి జరుగుతాయి. ఎలక్ట్రాన్ పోయిన దారిలో ఎక్కడా ఫీల్డ్ లేదు, దాన్ని తోసిందీ ఏదీ లేదు, అయినా చారలు జరిగాయి. 1959లో బ్రిస్టల్ యూనివర్సిటీలో ఉన్న అహరనోవ్, బోమ్ ఇది జరిగి తీరాలని రాశారు. ఫీల్డ్ లేని చోట కూడా ఉండేది వెక్టార్ పొటెన్షియల్ (చోటుని బట్టి ఎలా మారుతుందో చూసి మాగ్నెటిక్ ఫీల్డ్‌ని లెక్కగట్టే రాశి) ఒక్కటే, మరి అది నిజంగా ఉన్నట్టా, మనం లెక్క కోసం పెట్టుకున్నట్టా అన్నదే పేచీ. ఇది తెలియాలంటే ఇంకా చాలా వెనక్కి పోవాలి.

మాక్స్‌వెల్ తర్వాత వచ్చిన హెవీసైడ్, హెర్ట్జ్ పొటెన్షియల్స్ అంటే ఇష్టపడలేదు, మాక్స్‌వెల్ ఎలక్ట్రోమాగ్నెటిజం ఈక్వేషన్స్ అన్నీ ఫీల్డ్స్‌తోనే తిరగరాశారు. కారణం కూడా సబబే, ఒకే ఫీల్డ్‌కి ఎన్ని పొటెన్షియల్స్ అయినా రాసుకోవచ్చు, ఏదో ఒక ఫంక్షన్ గ్రేడియంట్ తెచ్చి కలిపేసినా ఫీల్డ్ చెక్కుచెదరదు. మేడ మెట్లని వీధిలోంచి కొలిచినా గడప మీంచి కొలిచినా మెట్టుకీ మెట్టుకీ తేడా మారదు కదా, అలాంటిదే. ఇష్టమొచ్చినట్టు మార్చుకోగలిగేది నిజమైన వస్తువు ఎలా అవుతుంది అనేది అప్పటి వాదన, గట్టి వాదనే.

1918లో రెండు పేపర్లు వచ్చాయి. ఒకటి గాటింగెన్‌లో ఎమ్మీ నోథర్‌ది, ఎక్కడ కంటిన్యువస్ సిమ్మెట్రీ ఉంటే అక్కడ ఎప్పటికీ మారని ఒక రాశి ఉంటుందని. అప్పటికి ఆవిడకి సొంత పేరుమీద పాఠం చెప్పే హక్కు కూడా లేదు, అక్కడి పెద్ద గణితవేత్త హిల్బర్ట్ పేరుమీద క్లాసులు తీసుకునేది. రెండోది జ్యూరిక్‌లో ఉన్న హెర్మన్ వైల్‌ది. గ్రావిటీనీ ఎలక్ట్రోమాగ్నెటిజాన్నీ కలిపేద్దామని ఆయన ఒక సాహసం చేశాడు, పొడవుని కొలిచే స్కేల్ ఒక్కో చోట ఒక్కోలా ఉండొచ్చు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోయేసరికి స్కేల్ ఎంత మారిందో చెప్పేదే పొటెన్షియల్ అన్నాడు. ఐన్‌స్టీన్ ఐడియాని మెచ్చుకుంటూనే ఒక్క దెబ్బకి పడగొట్టాడు. రెండు హైడ్రోజన్ పరమాణువులు వేర్వేరు దారుల్లో తిరిగొచ్చి ఒకచోట కలిస్తే వైల్ లెక్క ప్రకారం వాటి స్పెక్ట్రమ్ గీతలు వేరుగా ఉండాలి, కానీ ఏ నక్షత్రం నుంచి వచ్చినా హైడ్రోజన్ గీతలు పక్కాగా ఒకేలాంటివి. ఈ అభ్యంతరాన్ని వైల్ పేపర్ చివరే అచ్చేశారు. అక్కడితో ఆ ఐడియా అటకెక్కింది.

ఐడియాలో తప్పు లేదు, పెట్టిన చోటు తప్పు. 1922లో అదే జ్యూరిక్‌లో ఉన్న ష్రోడింగర్ ఓ చిన్న విషయం గమనించాడు, బోర్ ఆర్బిట్ (పరమాణువులో ఎలక్ట్రాన్ తిరిగే కక్ష్య) చుట్టూ ఒక రౌండ్ తిరిగితే, స్కేల్ ఎన్ని రెట్లు మారిందో చెప్పే వైల్ ఫ్యాక్టర్ ఘాతంలో ప్లాంక్ స్థిరాంకానికి పూర్ణాంక గుణిజాలే వస్తున్నాయి, అంటే అందులో ఒక ఇమాజినరీ సంఖ్య పెడితే రౌండ్ పూర్తయ్యేసరికి అంతా మొదటికి వచ్చేస్తుంది. అప్పటికింకా ఆయన సమీకరణమే పుట్టలేదు! 1926లో సమీకరణం వచ్చింది, వెంటనే లెనిన్‌గ్రాడ్‌లో ఫాక్ దానికి ఒక సిమ్మెట్రీ ఉందని చూపించాడు, 1927లో ఫ్రిట్జ్ లండన్ ఇది వైల్ పాత ఐడియానే, పొడవు బదులు ఫేజ్ పెట్టుకోవాలి అంతే అని తేల్చేశాడు.

ఫేజ్ అంటే ఏంటో కొంచెం ఆగి చూద్దాం. ఎలక్ట్రాన్ వేవ్ ఫంక్షన్ ప్రతి బిందువు దగ్గరా ఒక కాంప్లెక్స్ సంఖ్య, దానికి ఒక సైజు, ఒక కోణం ఉంటాయి, సైజు వర్గం ప్రాబబిలిటీ, కోణం ఫేజ్. అన్నిచోట్లా కోణాన్ని ఒకే మేర తిప్పితే ప్రయోగంలో ఏమీ తేడా రాదు, ఆ తిప్పడాలన్నీ కలిపితే వచ్చే గ్రూప్ పేరే యూ(1), ఒక వృత్తం, ఇంకేం కాదు. నోథర్ సిద్ధాంతం ప్రకారం ఈ సిమ్మెట్రీ నుంచి ఎలక్ట్రిక్ ఛార్జ్ పుట్టదు, చావదు అన్న నియమం వస్తుంది. ఇప్పుడు ఒక్కోచోట ఒక్కో మేర తిప్పామనుకోండి, సమీకరణంలో డెరివేటివ్ ఉంది కాబట్టి ఓ అదనపు ముక్క బయటికొచ్చి లెక్క చెడుతుంది, పొటెన్షియల్‌ని సరిగ్గా ఆ మేరకి మారిస్తే మళ్లీ సర్దుకుంటుంది. హెవీసైడ్‌కి చిరాకు తెప్పించిన ఆ ఇష్టమొచ్చినట్టు మార్చుకునే స్వేచ్ఛ ఇక్కడికొచ్చి ఎలక్ట్రాన్ ఫేజ్‌కి జోడీ అయ్యింది.

వైల్ 1929లో దీన్నే తిరగేసి సూత్రంగా పెట్టాడు, ఫేజ్‌ని ఎక్కడికక్కడ తిప్పుకునే స్వేచ్ఛ కావాలని ముందు పట్టుబడితే పొటెన్షియల్ దానంతటదే రావాలని. మన టెక్స్ట్‌బుక్స్‌లో ఇదే వరసలో చెప్తారు, సిమ్మెట్రీ అడిగాం, వెలుగు కణం ఫోటాన్ వచ్చింది అని ఏదో మ్యాజిక్‌లా. నాకైతే అది కొంచెం మోసంలా అనిపిస్తుంది, ఎందుకంటే ఫాక్ చేతిలో పొటెన్షియల్ ముందే ఉంది, సిమ్మెట్రీ తర్వాత కనబడింది.

అన్నట్టు అప్పట్లో ఫిజిక్స్ వాళ్లకి గ్రూప్ థియరీ, అంటే సిమ్మెట్రీల గణితం, అంటేనే ఒళ్లుమంట, గ్రూపుల పీడ అని ఎగతాళి చేసేవాళ్లు. ఆ మంట చల్లారడానికి ఓ ఇరవై ఏళ్లు పట్టింది. 1948లో మన వాల్తేరు ఆంధ్రా యూనివర్సిటీ నుంచే సూరి భగవంతం, వెంకటరాయుడు కలిసి ఫిజిక్స్ కోసం గ్రూప్ థియరీ మీద ఒక పుస్తకం వేశారు, అది ప్రధానంగా క్రిస్టల్స్, మాలిక్యూల్స్ సిమ్మెట్రీ గురించి, ఈ వృత్తం గొడవ వేరు.

ఛార్జ్ అనేది ఆ వృత్తం దగ్గర ఒక లేబుల్. ఒక యూనిట్ ఛార్జ్ ఉన్న కణం ఫేజ్ ఒక చుట్టు తిరిగితే రెండు యూనిట్లున్నది రెండు చుట్లు తిరుగుతుంది, న్యూట్రాన్ లాంటిది అసలు కదలదు. చుట్టు సగంలో ఆగకూడదు కాబట్టి లేబుల్స్ పూర్ణాంకాలే కావాలి. కానీ అసలు అది వృత్తమే ఎందుకవ్వాలి, రెండువైపులా సాగిపోయే గీత ఎందుకు కాకూడదు అంటే సమీకరణంలో జవాబు లేదు. 1931లో డిరాక్ ఒక దారి చూపించాడు, విశ్వంలో ఎక్కడైనా ఒక్కటంటే ఒక్క మాగ్నెటిక్ మోనోపోల్ (ఒకే ధ్రువం ఉన్న అయస్కాంతం) ఉన్నా చాలు, ఛార్జ్‌లన్నీ ఒక యూనిట్‌కి గుణిజాలుగానే ఉండి తీరాలి. మోనోపోల్ ఇప్పటికీ దొరకలేదు, ప్రోటాన్, ఎలక్ట్రాన్ ఛార్జ్‌లు మాత్రం దశాంశం తర్వాత ఇరవై స్థానాల దాకా సరిసమానం అని ప్రయోగాలు చెప్తున్నాయి.

ఇక బ్రిస్టల్ సంగతి. నిజానికి ఇదే ఫలితం 1949లోనే ఎరెన్‌బర్గ్, సైడే రాసిన ఎలక్ట్రాన్ ఆప్టిక్స్ పేపర్‌లో ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. 1960లో ఛాంబర్స్ బ్రిస్టల్‌లోనే వెంట్రుకలాంటి ఇనప తీగ వాడి చారలు జరగడం చూపించాడు, కానీ తీగ కొసల నుంచి ఫీల్డ్ లీకైందేమో అని నమ్మనివాళ్లు పట్టుకున్నారు. ఆ నోరు మూయించింది 1986లో హిటాచీ ల్యాబ్‌లో టొనొమురా బృందం. మైక్రాన్ల సైజులో గారె ఆకారంలో ఒక పెర్మలాయ్ అయస్కాంతం, దాని చుట్టూ నయోబియం పూత. నయోబియం 9.2 కెల్విన్ కింద సూపర్‌కండక్టర్ అయిపోతుంది, ఫీల్డ్‌ని బయటికి పోనివ్వదు. బీమ్‌లో ఒక భాగం చిల్లులోంచి, ఇంకో భాగం బయటనుంచి, రెండింటినీ కలిపి హోలోగ్రామ్ తీశారు. చల్లారకముందు ఫేజ్ తేడా ఎంతైనా ఉండొచ్చు, చల్లారాక మాత్రం సున్నా అయినా వచ్చింది, లేదా సరిగ్గా అర చుట్టు వచ్చింది, మధ్యలో ఏదీ లేదు. ఎందుకంటే సూపర్‌కండక్టర్‌లో తిరిగేవి జంట ఎలక్ట్రాన్లు, వాటి లేబుల్ రెండు, అందుకని లోపల చిక్కిన ఫ్లక్స్ (మొత్తం మీద ఫీల్డ్ ఎంత అన్నది) వాటి ఫేజ్ పూర్తి చుట్లు తిరిగేలానే ఉండాలి, అదే ఫ్లక్స్ చుట్టూ బయట పోయే ఒంటరి ఎలక్ట్రాన్‌కి అందులో సగమే. ఫీల్డ్ లీక్ వాదన ఇక నిలబడలేదు.

మరి పొటెన్షియల్ నిజమేనా? 1975లో వూ, యాంగ్ ఇచ్చిన జవాబు నాకు నచ్చింది. ఈ యాంగ్ 1954లో మిల్స్‌తో కలిసి యూ(1) బదులు ఎస్‌యూ(2) అనే ఇంకో గ్రూప్ పెట్టి, తర్వాత కణాల ఫిజిక్స్ స్టాండర్డ్ మోడల్‌కి పునాది అయిన థియరీ రాసినాయనే. వీళ్లు అన్నది, ఫీల్డ్ ఒక్కటే చెప్తే సమాచారం తక్కువైపోతుంది, పొటెన్షియల్ మొత్తం చెప్తే ఎక్కువైపోతుంది, ఒక లూప్ చుట్టూ తిరిగొచ్చేసరికి వృత్తం మీద ఎక్కడ తేలామో అది చెప్తే సరిపోతుంది అని. చాలామంది ఇక్కడితో పేచీ తీరిపోయిందనుకున్నారు. తీరలేదు, 2012లో, అహరనోవ్‌తో కలిసి ఎన్నో ఏళ్లు పనిచేసిన వైడ్‌మన్, సోలెనాయిడ్‌ని కూడా క్వాంటమ్ వస్తువుగానే లెక్కేస్తే పొటెన్షియల్ అవసరమే లేదు, ఎలక్ట్రాన్ ఫీల్డ్ సోలెనాయిడ్ మీద చేసే పనితోనే మొత్తం వచ్చేస్తుంది అని పేపర్ వేశాడు, 2015లో అహరనోవ్ ఇంకో ఇద్దరితో కలిసి దాన్ని ఖండించాడు, వైడ్‌మన్ తగ్గకుండా మళ్లీ జవాబు రాశాడు.