హ్యాపీ ట్రైల్స్: ఎలక్ట్రిక్ గిటార్ మనోధర్మంపై అపోహలు, వాస్తవాలు

ఎలక్ట్రిక్ గిటార్ నేర్పే వృత్తిలో ఉన్నందువల్ల, సైకెడెలిక్ రాక్ (1960లలో వచ్చిన, మత్తులోని కలలాంటి అనుభూతినిచ్చే రాక్ సంగీతం) గురించి విద్యార్థులు ఎక్కడెక్కడో విని నమ్మిన మాటలను సరిచేయవలసిన అవసరం నాకు తరచుగా కలుగుతుంది. ఆ మాటల్లో చాలావాటికి ఒకే ఆల్బమ్‌ను దగ్గర పెట్టుకుని సమాధానం చెప్పవచ్చు. అది శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన క్విక్‌సిల్వర్ మెసెంజర్ సర్వీస్ బృందం 1969లో కాపిటల్ రికార్డ్స్ ద్వారా విడుదల చేసిన 'హ్యాపీ ట్రైల్స్'. జాన్ సిపొలీనా, గ్యారీ డంకన్ గిటార్లు, డేవిడ్ ఫ్రైబర్గ్ బేస్, గ్రెగ్ ఎల్మోర్ డ్రమ్స్ వాయించిన ఈ రికార్డులో మొదటి వైపంతా, అంటే సుమారు 25 నిమిషాల పాటు, అమెరికన్ గాయకుడు, గిటారిస్టు బో డిడ్లీ రాసిన 'హూ డు యు లవ్' అనే ఒక్క పాటే విస్తరించి ఉంటుంది.

అపోహ: వేదిక మీద అప్పటికప్పుడు తోచింది వాయించడమే ఇంప్రొవైజేషన్, దానికి ముందస్తు తయారీ అక్కరలేదు.

వాస్తవం: ఈ 25 నిమిషాలు ఆరు భాగాలుగా ఉన్నాయి. మొదట పాట, చివర మళ్ళీ పాట, మధ్యలో నాలుగు భాగాలు. ఆ నాలుగింటికీ పాట పేరులోని ప్రశ్నను మార్చి మార్చి 'వెన్', 'వేర్', 'హౌ', 'విచ్' అనే పదాలతో సరదాగా పేర్లు పెట్టి, ఒక్కొక్కటి ఒక్కొక్క సభ్యుడి పేర నమోదు చేశారు: వరుసగా డంకన్, ఎల్మోర్, సిపొలీనా, ఫ్రైబర్గ్. ఎవరు ఎప్పుడు ముందుకు రావాలి, మిగిలినవారు ఎప్పుడు తగ్గాలి, ఎక్కడ అందరూ కలిసి పాటలోకి తిరిగి రావాలి అన్న చట్రం స్పష్టంగా ఉన్నందువల్లనే లోపల అంత స్వేచ్ఛ సాధ్యమైంది.

మన శ్రోతలు కొందరు దీనిని రాగాలాపనతో పోలుస్తారు. 1967లో మాంటరే పాప్ ఉత్సవంలో ఈ బృందమూ, పండిట్ రవిశంకర్‌గారూ వాయించిన మాట, ఆ కాలపు రాక్ సంగీతంపై మన సంగీతం ప్రభావం ఉన్న మాట నిజమే కానీ, ఆలాపనకు తాళం ఉండదు, ఇక్కడ లయే ఆధారం. పోల్చి తీరాలంటే కర్ణాటక కచేరీలో తాళానికి తగ్గట్టు అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరం దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే గాయకుడు ఎంత దూరం వెళ్ళినా పల్లవి ఎత్తుగడ దగ్గరికి సరిగ్గా వచ్చి కలవాలి. ఇక ఈ రికార్డు మూలం షికాగో బ్లూస్ అనే ఆఫ్రికన్ అమెరికన్ సంగీతంలో ఉంది తప్ప సితార్‌లో లేదు.

అపోహ: 'హూ డు యు లవ్' అసలు పాటలోనే ప్రసిద్ధమైన బో డిడ్లీ బీట్ ఉంది, వీళ్ళు దాన్ని సాగదీశారంతే.

వాస్తవం: ఈ పొరపాటు గిటార్ పాఠాల్లో సైతం కనిపిస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. బో డిడ్లీ బీట్ అంటే ఏమిటో తెలియాలంటే 16 సమానమైన అంకెలు లెక్కపెడుతూ 1, 4, 7, 11, 13 దగ్గర మాత్రమే చప్పట్లు కొట్టి చూడండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం 3, 3, 4, 2, 4 అవుతుంది. ఈ అసమానతే లయకు ఆ ఊపునిస్తుంది. బో డిడ్లీ పేరు పెట్టుకున్న బీటే అయినా, 1956లో వచ్చిన ఆయన అసలు 'హూ డు యు లవ్'లో అది లేదు. ఆ పాట రెండున్నర నిమిషాల్లో తిన్నగా, వేగంగా పరుగెత్తి ముగుస్తుంది. ఆయన మరో పాట 'మోనా'లో మాత్రం ఆ బీట్ నిండుగా ఉంది. హ్యాపీ ట్రైల్స్ రెండో వైపు ఆ 'మోనా'తోనే మొదలవుతుంది. క్విక్‌సిల్వర్ బృందం ఆ బీట్‌ను 'హూ డు యు లవ్'కు కూడా ఆధారంగా తీసుకోవడమే నా దృష్టిలో ఈ ఆల్బమ్‌లోని అసలైన సంగీత నిర్ణయం. తిన్నగా పరుగెత్తే లయ మీద 25 నిమిషాలు గిటార్ వాయిస్తే వినేవారికి విసుగు వస్తుంది. ఖాళీలున్న లయ అయితే ఆ ఖాళీల్లో ఇద్దరు గిటారిస్టులు మాట్లాడుకోవడానికి చోటు దొరుకుతుంది. స్వరావళులను వేగంగా వాయించగలిగిన విద్యార్థులు సైతం ఆ 11వ అంకె దెబ్బను తొందరపడి ముందే కొట్టేస్తూ ఉంటారు. అది కుదిరే దాకా సోలో జోలికి వెళ్ళనివ్వను.

అపోహ: మొత్తం ఆల్బమ్ ఒకే రాత్రి కచేరీలో ఉన్నది ఉన్నట్టు రికార్డు చేసినది.

కాదు. ప్రత్యక్ష కచేరీ భాగాలు న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్, శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్మోర్ వెస్ట్ వేదికలపై 1968లో వాయించిన వాటి నుంచి ఏరి కూర్చినవి. డంకన్ రచన 'కాల్వరీ' స్టూడియోలో రికార్డు చేసినది. ఏరి కూర్చడం మోసమేమీ కాదు. ఏ భాగం ఉంచాలో, ఏది తీసేయాలో ఎంచుకోవడం కూడా సంగీత జ్ఞానమే.

అపోహ: ఆ శబ్దమంతా మత్తుమందుల ప్రభావం.

వాస్తవం: ఎల్‌ఎస్‌డీ అనే భ్రాంతులు కలిగించే మత్తుమందును కాలిఫోర్నియా రాష్ట్రం 1966 అక్టోబరులో నిషేధించింది, శాన్ ఫ్రాన్సిస్కో సంగీత వాతావరణంలో అది ఉందనడంలో సందేహం లేదు. అయితే సిపొలీనా గిటార్ నాదానికి కారణాలు అడిగితే నేను పరికరాలనూ చేతి నైపుణ్యాన్నీ చూపిస్తాను. ఆయన గిబ్సన్ ఎస్‌జీ గిటార్‌లోని రెండు పికప్‌ల (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల) నాదాన్ని వేరుచేసి, బేస్ వైపు పికప్‌ను 15 అంగుళాల స్పీకర్లున్న స్టాండెల్ ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లకూ, ట్రెబుల్ వైపు దాన్ని ఫెండర్ వాల్వ్ ఆంప్లిఫయర్లకూ పంపేవారు. ఆ దొంతర పైభాగాన ఆరు వుర్లిట్జర్ హారన్లు (గరాటా ఆకారపు స్పీకర్లు) ఉండేవి. ట్రాన్సిస్టర్ల నుంచి మంద్రస్వరం స్ఫుటంగా, వాల్వుల నుంచి తారస్వరం గరుకుగా వచ్చి, ఒక్క గిటార్‌లో రెండు స్వభావాలు వినిపించేవి. వేళ్ళకు పిక్‌లు తొడుక్కుని వాయించేవారు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది బిగ్స్‌బీ వైబ్రాటో మీట. ఎడమ చేతి వేలితో తీగను పక్కకు లాగి స్వరాన్ని కదిలిస్తే శ్రుతి పైకే పోగలదు, స్వరస్థానం కన్నా కిందికి దిగలేదు. మీట స్ప్రింగు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి తీగ బిగువును తగ్గించి, కాస్త పెంచి, స్వరాన్ని అటూ ఇటూ ఊపగలదు. సిపొలీనా స్వరం నీటి మీద వెలుగులా వణకడం వెనక ఉన్నది ఇదే. పెడల్ (కాలితో నొక్కి గిటార్ నాదాన్ని మార్చే పరికరం) కొనుక్కుంటే ఆ వణుకు వస్తుందని అడిగేవారికి, ముందు మీట మీద మణికట్టును నెమ్మదిగా కదపడం నేర్చుకోమని చెబుతాను.

అపోహ: ఇది సిపొలీనా 25 నిమిషాల సోలో.

వాస్తవం: ఆయన పేర ఉన్న 'హౌ డు యు లవ్' భాగం మూడు నిమిషాలు కూడా లేదు. అయిదు నిమిషాల పైచిలుకు సాగే మొదటి గిటార్ సోలో డంకన్‌ది. సిపొలీనా వణుకు నాదంతో పోల్చి వింటే డంకన్ వాయింపు మరింత బ్లూస్ పద్ధతిలో, తిన్నగా ఉందని గుర్తించవచ్చు. దాని తర్వాత వచ్చే 'వేర్ యు లవ్'లో సుమారు ఆరు నిమిషాల పాటు సంగీతం దాదాపు కరిగిపోయి, గిటార్ల నుంచి విడివిడి స్వరాలూ ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దం తిరిగి గిటార్‌లోకి చేరి పుట్టే కూత) రేఖలూ మాత్రమే మిగిలితే, ఆ ఖాళీని ప్రేక్షకుల చప్పట్లూ కేకలూ నింపుతాయి. ఆ భాగాన్ని దాటవేసి సోలోల దగ్గరికి పోయేవారు ఎక్కువమంది. నా అభిప్రాయంలో వాయించడానికి అన్నిటికన్నా కష్టమైన భాగం అదే; చేతిలో గిటార్ ఉండగా వాయించకుండా ఆగడం ఎవరికైనా కష్టమే.

ఇద్దరు గిటారిస్టుల కూర్పే ఈ రికార్డుకు మూలమనడానికి తర్వాత జరిగినదే రుజువు. 1969లో డంకన్ బృందాన్ని వదిలి వెళ్ళారు. అదే ఏడాది చివర్లో వచ్చిన 'షేడీ గ్రోవ్' ఆల్బమ్‌లో సిపొలీనా ఉన్నారు, ఆయన మీట ఉంది, కానీ ముందుండి నడిపించేది కొత్తగా చేరిన నిక్కీ హాప్‌కిన్స్ పియానో.