పక్షవాతం ఒక్కరికే వచ్చినా ఉప్పు ఇంటిల్లిపాదికీ తగ్గాలి

పక్షవాతం వచ్చిన మనిషి ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే సలహాలు మొదలవుతాయి. ఫలానా ఊళ్ళో ఆకు పసరు పోస్తారట, పావురం రక్తంతో మర్దన చేస్తే చెయ్యి లేస్తుందట. ఇంట్లో వాళ్ళు పాపం పొద్దస్తమానం కాళ్ళూ చేతులూ పిసుకుతూ కూర్చుంటారు. కానీ దెబ్బ తగిలింది మెదడుకి. అక్కడ రక్తనాళం పూడుకుపోయిందో, చిట్లిపోయిందో. దాన్నే స్ట్రోక్ అంటారు. ఆ నాళాన్ని పాడుచేసిన బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగాకు అలవాటు మాత్రం మనిషితో పాటే ఇంటికి తిరిగొచ్చాయి. వాటి సంగతి చూడకపోతే స్ట్రోక్ మళ్ళీ రావచ్చు.

వీటన్నిట్లో పెద్ద శత్రువు బీపీ. 2001లో వెలువడిన ప్రోగ్రెస్ అనే అధ్యయనంలో, అంతకుముందు స్ట్రోక్ గానీ చిన్నపాటి స్ట్రోక్ గానీ వచ్చిన 6,105 మందిని గమనించారు. బీపీ మాత్రలు వాడినవాళ్ళలో మళ్ళీ స్ట్రోక్ రావడం 28 శాతం తగ్గింది. ముందు నుంచీ బీపీ ఎక్కువ లేనివాళ్ళకి కూడా మేలు జరిగింది. మన దగ్గర జరిగేది వేరు. మిషన్ మీద 120/80 కనపడగానే 'ఇక నార్మలే కదా' అని మాత్ర ఆపేస్తారు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే ఆ అంకె వచ్చింది! మనకి పత్యం అంటే ఓ నలభై రోజులు చేసి వదిలేసేది. ఇది అలాంటిది కాదు, దీనికి ఆఖరి రోజు ఉండదు.

ఇక ఉప్పు. చైనా పల్లెల్లో జరిగిన ఓ పెద్ద ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. 600 ఊళ్ళు, దాదాపు 21 వేల మంది, అందులో ఎక్కువమంది అప్పటికే స్ట్రోక్ వచ్చినవాళ్ళు. సగం ఊళ్ళకి మామూలు ఉప్పుకి బదులు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. సుమారు అయిదేళ్ళలో ఆ ఊళ్ళలో స్ట్రోక్‌లు 14 శాతం తక్కువ వచ్చాయి. నాకు నచ్చింది ఏంటంటే, ఆ ఉప్పు ఒక్క రోగికి సరిపడా కాకుండా ఇంటి వంట మొత్తానికీ సరిపోయేలా ఇచ్చారు. ఆయనకి విడిగా చప్పిడి కూర వండి, మిగతావాళ్ళు పక్కనే కూర్చుని ఆవకాయ కలుపుకుంటుంటే ఆ చప్పిడి ఎన్నాళ్ళు సాగుతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క రోజుకి 5 గ్రాముల లోపు, అంటే చిన్న టీ చెంచాడు. కూర, పప్పు, చారు, పెరుగన్నంలో వేసుకునేది, నంచుకునే ఊరమిరపకాయ, అప్పడం అన్నీ అందులోకే వస్తాయి. సైంధవ లవణం కొంటే సరిపోతుందనుకోకండి, అదీ మామూలు ఉప్పులాగే సోడియం క్లోరైడే. చింతపండు, నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి, కరివేపాకు గట్టిగా పడితే రెండు మూడు వారాల్లో నాలుక సర్దుకుంటుంది. పొటాషియం ఉప్పు మాత్రం డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. కిడ్నీ జబ్బు ఉన్నా, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వాడుతున్నా రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు.

చుట్ట, బీడీ, సిగరెట్ మానేయాల్సిందే, ఇందులో బేరాల్లేవు. మద్యం కూడా అంతే.

మరి వ్యాయామాలు ఇంట్లోవాళ్ళే చేయించేస్తే? మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో అటెండ్ అనే అధ్యయనం చేసి చూశారు. కుటుంబ సభ్యులకి శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గర చేయించమన్నారు. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్ళకీ వీళ్ళకీ తేడా కనపడలేదు. రెండు వైపులా 47 శాతం మంది చనిపోవడమో, ఇతరుల మీద ఆధారపడి బతకడమో జరిగింది. వ్యాయామం దండగ అని దీనర్థం కాదు. ఫిజియోథెరపిస్ట్ పనిని ఇంటి వాళ్ళ నెత్తిన పెట్టేస్తే సరిపోదని మాత్రం నాకు అనిపిస్తుంది.

ఇంటి వాళ్ళ చేతుల్లో ఉన్నవి వేరే ఉన్నాయి. పడిపోయిన చెయ్యి పట్టుకుని గానీ, చంకల కింద చేతులు పెట్టి గానీ మనిషిని లేపొద్దు. కండరాల పట్టు తప్పిన భుజం కీలు జారి, నెలల తరబడి నొప్పి పెడుతుంది. కుర్చీని బాగున్న చెయ్యి వైపు, మంచానికి దగ్గరగా పెట్టండి. పాదాలు రెండూ నేలకి ఆనాక, ముందుకి వంగమని చెప్పి, నడుముకి కట్టిన వెడల్పాటి బెల్టు పట్టుకుని లేపండి. లుంగీ ముడి పట్టుకుంటే అది ఊడొస్తుంది. చొక్కా గుండీలు ఆయన్నే పెట్టుకోనివ్వండి, పావుగంట పట్టినా సరే. మెదడు కొత్త దారులు వెతుక్కునేది అలా మళ్ళీ మళ్ళీ చేసినప్పుడే.

తిండి దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. మింగడం కష్టంగా ఉందని పల్చటి మజ్జిగ, కాఫీ పోస్తారు. పల్చటివే చప్పున గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా తెస్తాయి. మెత్తగా కలిపిన పెరుగన్నం చాలామందికి నయం, అయినా ముందు మింగుడు పరీక్ష చేయించాలి. నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టాలి, తిన్నాక అరగంట వరకూ పడుకోబెట్టకూడదు.

స్ట్రోక్ వచ్చినవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది. ఉలుకూ పలుకూ లేకుండా గోడకేసి తిరిగి పడుకుంటే అది 'మొండితనం' కాకపోవచ్చు. దానికీ మందులున్నాయి, డాక్టర్‌కి చెప్పాలి.

మళ్ళీ మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, పది నిమిషాల్లో సర్దుకున్నా సరే, 108కి ఫోన్ చేయాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. మనిషి చివరిసారి బాగా కనపడిన టైమ్ నుంచి లెక్కపెడతారు కాబట్టి ఆ టైమ్ రాసిపెట్టుకోండి. ఈలోగా నోట్లో నీళ్ళు పోయొద్దు, ఆస్పిరిన్ వేయొద్దు. నాళం పూడుకుందో చిట్లిందో స్కాన్ తీస్తేగానీ తెలీదు, చిట్లిన నాళానికి ఆస్పిరిన్ హాని చేస్తుంది.