అంబాసిడర్ అద్దం, పంచదార పాకం

బొమ్మ కారు ఎంత బాగా చేసినా అద్దాల దగ్గర దొరికిపోతుంది. రంగు కుదురుతుంది, బంపర్ మెరుస్తుంది, లోపల స్టీరింగ్ కూడా అచ్చం అసలు దానిలాగే ఉంటుంది. అద్దంలోంచి ఒక్కసారి చూస్తే చాలు, ఇది బొమ్మ అని కంటికి తెలిసిపోతుంది. కారణం మందం. 1/24 స్కేలు అంటే ప్రతి కొలతా ఇరవై నాలుగో వంతు. రోడ్డు మీద తిరిగే కారు ముందద్దం 5–6 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి బొమ్మకి పావు మిల్లీమీటరు ఉండాలి. కిట్లలో వచ్చే అద్దాలు మిల్లీమీటరు దాకా ఉంటాయి. ఆ లెక్కన నిజం కారుకి దాదాపు అంగుళం మందాన అద్దం బిగించినట్టు! అంత మందంలో వెలుతురు వంగిపోతుంది, అంచులు పట్టకంలా మెరుస్తాయి, లోపలి సీట్లు వంకరగా కనిపిస్తాయి.

నేను కడుతున్నది అంబాసిడర్. బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైన్‌తో మొదలై, 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పరా ఫ్యాక్టరీలో ఆగిపోయిన కారు. అసలుది 4.3 మీటర్లు, నాది 18 సెంటీమీటర్లు. బాడీ అంతా ప్లాస్టిక్ షీటు కోసి అతికించాను. అద్దాలు కూడా అలాగే కోసి పెట్టేయొచ్చు కదా అనుకున్నాను. పక్క కిటికీలకి అది సరిపోయింది. ముందద్దం దగ్గర కుదరలేదు.

పుస్తకానికి అట్ట వేయడం తేలిక. అదే కాగితాన్ని కొబ్బరికాయకి చుడితే ఎంత జాగ్రత్త పడినా ముడతలు వస్తాయి. గణిత శాస్త్రవేత్త గౌస్ 1827లో దీన్ని నిరూపించాడు: బల్లపరుపుగా ఉన్నదాన్ని సాగదీయకుండా, చింపకుండా, రెండు దిక్కులా వంపున్న ఉపరితలం మీద పరచలేం. అంబాసిడర్ ముందద్దం మూలల దగ్గర సరిగ్గా అలాగే తిరుగుతుంది. అంటే షీటు సాగాలి. సాగాలంటే ముందు మెత్తబడాలి.

మంచినీళ్ల ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్లు పోస్తే అది ముడుచుకుపోవడం మనందరం చూసిందే. ఆ ప్లాస్టిక్ పేరు పెట్. అందులో పొడవాటి అణు గొలుసులు చిక్కుపడిన దారాల్లా ఉంటాయి. సుమారు 75 డిగ్రీల కింద అవి కదల్లేక బిగుసుకుని ఉంటాయి. ఆ వేడి దాటితే సర్దుకోవడం మొదలవుతుంది. ఫ్యాక్టరీలో వేడిగా ఉన్నప్పుడు ఊదించి, సాగదీసి, ఆ సాగుడులోనే చల్లార్చేసిన సీసా అది. మళ్లీ వేడి తగలగానే గొలుసులు తమ పాత చుట్టలోకి పోవాలని చూస్తాయి. సీసా ముడుచుకునేది అందుకే.

అయితే అద్దానికి పెట్ వాడితే ఒక చిక్కుంది. వేడి ఎక్కువసేపు తగిలితే పాలలా తెల్లబడిపోతుంది. ఎందుకో అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్లాలి. పంచదార పాకాన్ని వదిలేస్తే కాసేపటికి పలుకులు కడుతుంది. అణువులు వరసగా పేర్చుకుని స్ఫటికాలవుతాయి, వెలుతురు వాటికి తగిలి చెదిరిపోతుంది, పాకం తెల్లబడుతుంది. పెట్‌లోనూ జరిగేది ఇదే. మన అమ్మమ్మలు పాకంలో నిమ్మరసం ఎందుకు పిండుతారు? ఆ పులుపు కొంత పంచదారని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. వేరే ఆకారపు అణువులు మధ్యలో దూరితే వరస కుదరదు, పలుకు కట్టదు. పెట్‌జీ అనే ప్లాస్టిక్‌లో రసాయన శాస్త్రవేత్తలు చేసిందీ ఈ నిమ్మరసం పనే. గొలుసులో ఒక ముక్కయిన మామూలు గ్లైకాల్ బదులు కొన్నిచోట్ల లావుపాటి వేరే గ్లైకాల్‌ని ఇరికించారు. ఇక గొలుసులు వరసగా పేర్చుకోలేవు. ఎంత నెమ్మదిగా వేడి చేసినా షీటు తేటగానే ఉంటుంది. నాకు ఈ రెండు విషయాలూ ఒకటేనని తెలిసిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇక పని. కారు పైభాగం ఆకారపు అచ్చు మీద మెత్తబడిన షీటు పరిచి, కిందున్న గాలి తీసేయాలి. అచ్చు పెట్టడానికి అట్టపెట్టె సైజు ప్లైవుడ్ డబ్బా, పైన సెంటీమీటరుకొకటి చొప్పున సన్నటి రంధ్రాలు, పక్కన వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం దూరే కన్నం. అంచు చుట్టూ తలుపు సందులకి అంటించే ఫోమ్ టేపు. అర మిల్లీమీటరు పెట్‌జీ షీటుకి రెండువైపులా ఉన్న పొర తీసేసి, చెక్క ఫ్రేములో క్లిప్పులతో బిగిస్తాను. వేడికి ఒక పాత ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్). అందులో మళ్లీ వంట చేయను. ఏ ప్లాస్టికో తెలియని ముక్కని మాత్రం ఎవరూ వేడి చేయొద్దు. అది పీవీసీ అయితే మాడినప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది. తలుపులు, కిటికీలు తెరిచే ఉంచండి.

లోపల షీటుని చూస్తూ ఉండాలి. మొదట అలలు అలలుగా లేస్తుంది. తరవాత ఒక్కసారిగా బిగిసి డప్పు చర్మంలా అవుతుంది. ఆ తరవాత మధ్యలో జోలెలా కిందికి దిగడం మొదలవుతుంది. సెంటీమీటరు దిగిందా, అదే సమయం. పాకం పట్టేవాళ్లు తీగ సాగుతోందా లేదా అని ఎలా చూస్తారో అలా చూడాలి. ఇంకో పది సెకన్లు ఆగితే షీటు పల్చబడి చిరుగుతుంది. ఫ్రేము తీసి, అచ్చు మీద బోర్లించి, స్విచ్ వేస్తాను. రెప్పపాటులో షీటు కారు ఆకారంలోకి మారిపోతుంది.

క్లీనర్ షీటుని కిందికి లాగుతోందని చూసేవాళ్లకి అనిపిస్తుంది. క్లీనర్ చేసేది షీటు కిందున్న గాలిని కొంత తీసేయడం ఒక్కటే. నొక్కేది పైనున్న గాలి. చదరపు సెంటీమీటరుకి ఒక కిలో చొప్పున వాతావరణం మన మీద ఎప్పుడూ మోపే ఉంటుంది. 1650లలో జర్మనీలోని మాగ్డెబర్గ్ మేయర్ ఒట్టో ఫాన్ గెరికె రెండు రాగి అర్ధగోళాలని కలిపి, లోపలి గాలి తీసేసి, గుర్రాలతో లాగించినా విడదీయలేకపోయింది ఈ బరువు వల్లే. నా షీటు 12 సెంటీమీటర్లు బై 15. కింద పూర్తి శూన్యం ఉంటే మీద 180 కిలోలు పడతాయి. ఇంటి క్లీనర్ అందులో అయిదో వంతు ఇస్తుంది. 36 కిలోలు. మెత్తబడిన షీటుకి అది చాలు.

షీటు సాగినకొద్దీ పల్చబడుతుంది, ఉన్న ప్లాస్టిక్ అంతే కదా. పది సెంటీమీటర్ల చదరపు ముక్క అయిదు సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టెని కప్పాలంటే మూడింతల వైశాల్యం కావాలి, మందం సగటున మూడో వంతే మిగులుతుంది. మనకి ఇది లాభమే. అర మిల్లీమీటరు షీటు నా ముందద్దం దగ్గర 0.3కి వచ్చింది. వెర్నియర్‌తో కొలిచాను.

నన్ను ఎక్కువ రోజులు తిప్పలు పెట్టింది అచ్చు. మొదటిసారి టేకు ముక్క చెక్కి వాడాను. పైకి నున్నగానే ఉంది, కానీ చెక్క చారలన్నీ అద్దంలో దిగిపోయాయి. రంగు వేసే భాగంలో ఇలాంటివి దాచేయొచ్చు, అద్దంలో దాక్కోవడానికి చోటే లేదు. కార్లకి డెంటింగ్ చేసేవాళ్లు వాడే పుట్టీ పూసి, వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) 400 నంబరుతో మొదలుపెట్టి బాగా నున్నటి 2000 దాకా రుద్దాను. అచ్చులో ట్యూబులైటు నీడ ఎక్కడా విరగకుండా గీతలా కనిపించేదాకా వదల్లేదు. అచ్చు చల్లగా ఉంటే తగిలిన చోటల్లా షీటు టక్కున గడ్డకట్టి అలలు మిగులుతాయి. హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేశాక అవి పోయాయి. అంటించడానికి సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరి అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది. పోలీసులు వేలిముద్రలు బయటికి తెచ్చేది కూడా ఈ ఆవిరితోనే. తెల్ల ఫెవికాల్ ఆరాక కనపడదు.

నాలుగోసారి అంతా సరిగ్గా వచ్చింది, ముందద్దం మధ్యలో ఒక నూలుపోగు తప్ప. షీటుని ఫ్రేములోంచి తీయకుండా అచ్చుని మాత్రం ఊడదీసి, పోగు దులిపి, అలాగే మళ్లీ ఓటీజీలో పెట్టాను. సీసా గుర్తొచ్చి చేసిన పని. అర నిమిషంలో మూలలు మెత్తబడ్డాయి. గుండ్రటి టాప్ నెమ్మదిగా కుంగింది, డోర్ల అంచులు కరిగిపోయాయి, చివరికి వెనకద్దం వంపు కూడా పోయి షీటు మళ్లీ డప్పులా బిగిసింది. కారు జాడ లేదు. అది జోలెలా దిగేదాకా ఆగి మళ్లీ అచ్చు మీద బోర్లించాను. ఇప్పుడు నా అంబాసిడర్‌కి ఉన్న ముందద్దం ఆ షీటుదే.