ఏజెన్సీ లేకుండా మోడలింగ్: కొన్ని అపోహలు, వాస్తవాలు

"అక్కా, ఏ ఏజెన్సీలో రిజిస్టర్ అవ్వాలి? ఎంత కట్టాలి?" నాకొచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఇవే. హైదరాబాద్‌లో ఏ ఏజెన్సీతోనూ ఒప్పందం లేకుండా చీరల కేటలాగులు, నగల యాడ్స్ చేసుకుంటున్నదాన్ని కాబట్టి నన్ను అడుగుతారు. ఆ రెండో ప్రశ్న చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. అడిగిన పిల్ల పాపం ఏం చేస్తుంది, ఆమెకు అలా ఎక్కించినవాళ్లను అనాలి.

అపోహ: ముందు డబ్బు కడితేనే అవకాశాలు వస్తాయి.

వాస్తవం: ఈ పనిలో డబ్బు క్లయింట్ దగ్గర్నుంచి మోడల్‌కి వస్తుంది. మధ్యలో ఏజెన్సీయో కోఆర్డినేటరో ఉంటే, షూట్ అయ్యి పేమెంట్ వచ్చాక అందులోంచి కమీషన్ పట్టుకుంటారు. మీ దగ్గర ముందే వసూలు చేసినవాడికి ఇక మీకు పని ఇప్పించాల్సిన అవసరం ఏముంది? వాడి సంపాదన అక్కడితో అయిపోయింది. రిజిస్ట్రేషన్ ఫీజు, ఆడిషన్ ఫీజు, 'ఆర్టిస్ట్ కార్డు', కాస్ట్యూమ్ డిపాజిట్... పేర్లు మారుతుంటాయి, అంతే. యాడ్‌లో నిలబడడానికి ప్రభుత్వం ఇచ్చే కార్డంటూ ఏదీ లేదు. పెద్ద బ్రాండ్ లోగోతో వాట్సాప్‌లో 'సెలక్షన్ లెటర్' వచ్చిందంటే అసలు నమ్మకండి. ఆ బ్రాండ్ అధికారిక వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి అడగండి, రెండు నిమిషాల పని.

ఇదే మోసానికి ఖరీదైన రూపం పోర్ట్‌ఫోలియో, అంటే క్లయింట్లకు చూపించుకునే ఫొటోల ఆల్బమ్. వరంగల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయిని, 60 వేలు పెట్టి తమ ఫొటోగ్రాఫర్ దగ్గరే తీయించుకోవాలని ఒక ఏజెన్సీ వాళ్లు అన్నారట. వాళ్ల నాన్న చిట్టీ పాడి డబ్బు సిద్ధం చేసుకుని, ఎందుకైనా మంచిదని నాకు ఫోన్ చేశారు. ఆయన గొంతులో టెన్షన్ ఇంకా గుర్తుంది. అమ్మాయిని మా ఇంటికి రమ్మని, బాల్కనీ పక్కన తెల్లగోడ ముందు నిలబెట్టి నా ఫోన్‌తోనే తీశాను. మేకప్ లేదు, ఫిల్టర్ లేదు, బ్యూటీ మోడ్ ఆఫ్. ఎదురుగా, రెండు పక్కలు, కాస్త వారగా, నిలువెత్తు. జుట్టు ముడిచి ఒకసారి, వదిలి ఒకసారి. ఒంటికి పట్టే టీషర్ట్, జీన్స్ వేసుకుని కొన్ని, మన మార్కెట్ చీరలది కాబట్టి సాదా కాటన్ చీరలో ఇంకొన్ని. వీటినే డిజిటల్స్ అంటారు. కేటలాగ్ పనికి క్లయింట్ ముందు అడిగేది ఇవే, పక్కన ఎత్తు, కొలతలు నిజాయితీగా రాసి. ఆ అమ్మాయికి మొదటి పని ఆ ఫొటోలకే వచ్చింది. చిన్న బొటీక్‌ది, గొప్ప పనేం కాదు, కానీ ఆమెకు డబ్బులొచ్చాయి, ఖర్చు కాలేదు.

మంచి పోర్ట్‌ఫోలియో వద్దనడం లేదు. కొత్తగా పేరు తెచ్చుకుంటున్న ఫొటోగ్రాఫర్లకూ, మేకప్ ఆర్టిస్టులకూ మీ అవసరం ఉంటుంది. కలిసి టెస్ట్ షూట్ చేసుకుంటే ఎవరి ఖర్చు వాళ్లది, ఫొటోలు అందరివీ.

చిన్నపిల్లల విషయంలో ఇది ఇంకా దారుణం. మాల్‌లో స్టాల్ పెట్టి, "మేడం, మీ బాబు యాడ్‌కి సెలెక్ట్ అయ్యాడు, పోర్ట్‌ఫోలియోకి కట్టండి" అంటారు. వాళ్లను ఒక్కటి అడగండి: కలెక్టర్ అనుమతి ఎవరు తెస్తారు? 2017లో సవరించిన బాల కార్మిక నిబంధనల ప్రకారం పిల్లల్ని షూట్‌లో పెట్టే నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్ అనుమతి తీసుకోవాలి. రోజుకు 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. నేనోసారి ఇది అడిగితే స్టాల్ కుర్రాడు "మా సార్‌ని అడిగి చెప్తా" అని వెళ్లాడు. ఆ సార్ ఇప్పటికీ రాలేదు.

ఇప్పటికే కట్టేశారా? ఇంట్లో చెప్పడానికి భయపడుతూ రోజులు గడపకండి. యూపీఐలోనో ఆన్‌లైన్‌లోనో పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. చాట్లు డిలీట్ చేయొద్దు.

అపోహ: ఏజెన్సీ లేకపోతే ఎవరూ పిలవరు.

వాస్తవం: పెద్ద ర్యాంప్ షోలకు, జాతీయ స్థాయి టీవీ యాడ్స్‌కు ఏజెన్సీల పట్టు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ మన దగ్గర రోజువారీ పనంతా షోరూమ్‌లది, బొటీక్‌లది, ఆన్‌లైన్ చీరల వ్యాపారులది. వాళ్లు మేకప్ ఆర్టిస్టును అడుగుతారు, ఫొటోగ్రాఫర్ అసిస్టెంట్‌ను అడుగుతారు: "టైమ్‌కి వచ్చే అమ్మాయి ఎవరైనా ఉన్నారా?" కుచ్చిళ్లు తనే పెట్టుకుని, రోజంతా చీరలు మార్చినా ముఖం చిట్లించని మోడల్ నంబర్ చేతులు మారుతూనే ఉంటుంది. పండక్కి నెలా రెండు నెలల ముందే షూట్లు అయిపోతాయని గుర్తుపెట్టుకోండి. వరలక్ష్మీ వ్రతం చీరలకు శ్రావణంలో మెసేజ్ పెడితే ఏం లాభం? జూన్‌లోనే పెట్టాలి. సంక్రాంతికైతే నవంబర్.

అపోహ: షూట్ చేసిన రోజుకు పేమెంట్ ఇచ్చేశారు కాబట్టి ఫొటోలు ఎక్కడైనా వాడుకోవచ్చు.

వాస్తవం: మీరు దేనికి ఒప్పుకున్నారన్నదే లెక్క. ఒక నగల షాపు ఇన్‌స్టాగ్రామ్ కోసమని నాతో షూట్ చేయించి, తర్వాత అవే ఫొటోలు హోర్డింగ్ మీద వేసింది. మా మరిది బైక్ మీద వెళ్తూ చూసి ఫోన్ చేస్తే తెలిసింది. "ఆరు నెలలు, సోషల్ మీడియా మాత్రమే" అని వాట్సాప్‌లో వాళ్లే ఓకే కొట్టిన మెసేజ్ చూపించాక అదనపు పేమెంట్ ఇచ్చారు, మొహం మాడ్చుకునే అనుకోండి. స్టాంపు పేపరే ఉండాలని లేదు, ఎలక్ట్రానిక్‌గా కుదిరిన ఒప్పందాన్నీ ఐటీ చట్టం గుర్తిస్తుంది. ఎక్కడ వాడతారు, ఎంత కాలం, రేటెంత, అడ్వాన్స్ ఎంత, మిగతాది ఏ తేదీకి: ఈ ఐదూ రాయించుకోకుండా బయల్దేరకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎత్తు ర్యాంప్‌కి కావాలి, నగలకూ చేతుల క్లోజప్‌కూ అక్కర్లేదు. రంగు గురించి అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు, తగ్గుతున్నారు. ఫాలోవర్లు ఇన్‌ఫ్లుయెన్సర్ పనికి, కేటలాగ్‌కి కాదు. పెళ్లయి పిల్లలున్నవాళ్లకు 'యాడ్‌లో అమ్మ' పాత్రలు బోలెడు. "కమిట్‌మెంట్ లేకుండా ఈ ఫీల్డ్‌లో కుదరదు" అన్నవాడి నంబర్ బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్ తీయండి. తెలంగాణలో అయితే మహిళల కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. పది మంది కూడా లేని ఆఫీసైనా, ఓనర్ మీదే ఫిర్యాదైనా పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద ప్రతి జిల్లాలో లోకల్ కమిటీ ఉండాలి, అక్కడ ఇవ్వొచ్చు.

టీడీఎస్ కింద, అంటే పేమెంట్‌లోంచి ముందే పన్నుగా పట్టుకున్న డబ్బు పోయినట్టేనని కూడా చాలామంది అనుకుంటారు. అది మీ పాన్ మీద జమవుతుంది. ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు, కాబట్టి ఇన్‌వాయిస్ మీద పాన్ నంబర్ రాయడం మర్చిపోకండి.