పై దవడ తీశాక ప్లేటు: "ఆర్నెల్లు ఆగండి" అన్నదెవరు?

అపోహ: పై దవడ తీసిన చోట రంధ్రాన్ని మూసే ప్లేటు కోసం, పుండు పూర్తిగా మానాకే పళ్ల డాక్టర్ దగ్గరికెళ్లాలి.

విశాఖలో ప్రొస్తోడాంటిస్ట్‌గా (కట్టుడు పళ్లు, ప్లేట్లు చేసే పళ్ల డాక్టర్‌గా) నాకు దీన్ని మించి చిరాకు తెప్పించే మాట లేదు. మొన్న భీమిలి వైపు నుంచి ఓ పెద్దావిడ వచ్చింది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి అడ్డపొగ తాగిన మనిషి. అంగిలిలో క్యాన్సర్, పై దవడ సగం తీసేశారు, ఆపై రేడియేషన్. ఎనిమిది నెలలుగా ముక్కు నొక్కిపట్టుకుని టీ తాగుతోంది. మనవణ్ని "బాబూ" అని పిలిస్తే "మామూ" అని వినిపిస్తోంది. నోరు తెరవమంటే నా వేలు ఒక్కటే పట్టింది, ఇక ప్లేటుకి నోటి ఆకారం తీసే స్కానర్ ఎక్కడ పెట్టను? కొడుకు నేల చూపులు చూస్తూ, "ఆర్నెల్లు ఆగమన్నారండి" అన్నాడు. అతన్నేం అంటాం?

ఆ ఆర్నెల్ల లెక్క ఎక్కడిదో నాకు తెలుసు. చివరి ఆబ్ట్యురేటర్ (రంధ్రాన్ని మూసే ఆ ప్లేటే) మామూలుగా 3 నుంచి 6 నెలలకు చేస్తాం. కానీ అది మూడోది! మొదటిది ఆపరేషన్ టేబుల్ మీదే పెట్టొచ్చు. దాంతో గాయంలో కుక్కిన గుడ్డ (ప్యాకింగ్) కదలదు, ఆహారం పంపే ముక్కు గొట్టం తొందరగా తీసేసే వీలుంటుంది. వారం పది రోజులకు ప్యాకింగ్ తీశాక రెండోది. ఇవి లేకుండా నెలలు గడిస్తే మచ్చ కండ బిగుస్తుంది, బుగ్గ లోపలికి లాక్కుపోతుంది. రేడియేషన్ తోడైతే దవడ పట్టేస్తుంది. అందుకే స్కాన్ ఆపరేషన్‌కి ముందే తీయించుకోండి. పళ్లు, అంగిలి అసలు ఆకారం ఫైల్లో ఉండిపోతుంది. ఎంతవరకు కోస్తారో సర్జన్ దాని మీదే గీసిస్తే మొదటి ప్లేటు ముందే తయారవుతుంది.

ఇలా స్కాన్‌తో డిజిటల్‌గా చేయడమంటే కంప్యూటరే అంతా చేసేస్తుందనుకోకండి. తడిగా, లోతుగా ఉన్న రంధ్రం అడుగు స్కానర్‌కి సరిగ్గా అందదు. ఆ భాగం మింగిస్తూ, మాట్లాడిస్తూ చేత్తోనే సరిచేస్తాం.

ప్లేటు పెడితే జబ్బు తిరగబెడుతుందా? ప్లేటు వల్ల తిరగబెట్టదు. పైగా తీసి పెట్టుకునేది కాబట్టి డాక్టర్ లోపలంతా చూడొచ్చు. బరువంటారా, లోపల బోలుగా చేస్తాం. 2021లో బ్లాక్ ఫంగస్‌తో దవడ పోయినవాళ్లకీ ఇదే దారి, పళ్లు మిగలనివాళ్లలో కొందరికి చెంప ఎముకలో ఇంప్లాంట్లు.

నోరు తెరుచుకోవడానికి ఆ పెద్దావిడ చేత ఐస్‌క్రీం పుల్లలు పేర్చి పళ్ల మధ్య పెట్టిస్తున్నాం. ఏడుతో మొదలెట్టాం. ఈ సోమవారానికి పదకొండు పట్టాయి. స్కానర్ లోపలికి వెళ్లాలంటే ఇంకో రెండు మూడు కావాలి.