తలగాయాలకు ఆక్యుపంక్చర్: ఈ ప్రశ్న వెనుక ఉన్న చరిత్ర

హైదరాబాద్–భూపాలపట్నం జాతీయ రహదారి మీదా, వరంగల్–కరీంనగర్ దారిలోనూ బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినవారు, జనగామ, హనుమకొండ పల్లెల్లో తాటిచెట్టు మీద నుంచి జారిపడిన గీత కార్మికులు ముందుగా చేరేది చాలా సందర్భాల్లో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికే. దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క తేల్చింది. వారిలో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచం పేరిట కిట్ల పంపిణీ మొదలుపెట్టిందంటే, చెట్టు మీద నుంచి పడే ప్రమాదం ఈ ప్రాంతంలో ఎంత పాతదో, ఎంత తీవ్రమైనదో అర్థమవుతుంది.

ప్రాణం నిలిచిన తర్వాతే కుటుంబానికి అసలు పరీక్ష మొదలవుతుంది. మనిషి కళ్లు తెరుస్తాడు గానీ పలకడు, లేదా పలికినా ఇంట్లోవారిని గుర్తుపట్టడు. ఒక చేయి, ఒక కాలు మాట వినవు. నిన్నటిదాకా నెమ్మదస్తుడైనవాడు చిన్న మాటకే కోపంతో ఊగిపోతాడు. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి చేసేటప్పుడు ఫిజియోథెరపీ చేయించమని చీటీలో రాస్తారు. కానీ ఏటూరునాగారం అవతల ఉన్న పల్లెకో, మహాముత్తారం మండలంలోని గూడేనికో నెలల తరబడి వచ్చి వ్యాయామం చేయించే మనిషి దొరకడు. అలా ఏ దారీ కనిపించనప్పుడు బంధువుల్లో ఎవరో ఒకరు, ఒంటికి సన్నని సూదులు గుచ్చే చైనా చికిత్స ఆక్యుపంక్చర్ పేరెత్తుతారు. చైనాలో కోమాలో ఉన్నవారిని కూడా సూదులతో లేపుతారని ఫోనులో వీడియో చూపిస్తారు. ఆ మాట నమ్మాలా వద్దా అని తేల్చుకోవాలంటే, అది ఎక్కడ పుట్టి, ఎలా ప్రయాణించి మన వార్డుల దాకా వచ్చిందో చూడాలి.

చైనాలో ఈ వైద్యం రెండు వేల ఏళ్ల పాటు ఒకే గౌరవంతో సాగిందన్న అభిప్రాయం చరిత్రకు నిలవదు. 1822లో క్వింగ్ వంశపు చక్రవర్తి దావోగ్వాంగ్ రాజవైద్య సంస్థలో సూదుల చికిత్సను నిలిపివేయించాడు. 1929లో జాతీయవాద ప్రభుత్వ హయాంలో సంప్రదాయ వైద్యాన్నే క్రమంగా రద్దు చేయాలన్న ప్రతిపాదన రాగా, వైద్యులు షాంఘైలో సమావేశమై దానిని ప్రతిఘటించారు. 1949 తర్వాత కొత్త ప్రభుత్వానికి కోట్లాది గ్రామీణులు ఉన్నారు గానీ, వారికి సరిపడా ఆధునిక వైద్యులు లేరు. ఉన్న సంప్రదాయ వైద్యులనే వ్యవస్థలోకి తీసుకోవాలని మావో ప్రభుత్వం నిర్ణయించింది. 1955లో బీజింగ్‌లో పరిశోధనా సంస్థ, 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్దూ నగరాల్లో ప్రత్యేక కళాశాలలు వెలిశాయి. నేడు మనం సంప్రదాయ చైనా వైద్యం అని ఒక్క పేరుతో పిలుస్తున్నది చాలావరకు ఆ దశాబ్దంలో పాఠ్యపుస్తకాల రూపంలో కూర్చిన వ్యవస్థ.

మెదడుతో ఈ చికిత్సకు ముడి పడింది ఆ తర్వాతే. 1970ల మొదట్లో షాన్‌షీ రాష్ట్రానికి చెందిన జియావో షున్‌ఫా తల చర్మం మీద సూదులు పెట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. మెదడులో కదలికలను నియంత్రించే భాగం ఎక్కడ ఉందో ఆధునిక శరీరశాస్త్రం నుంచి తీసుకుని, దానికి సరిగ్గా పైన ఉన్న చర్మం మీద గీతలు గుర్తించడం ఆ పద్ధతికి ఆధారం. దాదాపు అదే కాలంలో, 1972లో, తియాన్‌జిన్‌లో షీ స్వేమిన్ పక్షవాతం కోసం మరొక విధానాన్ని రూపొందించాడు. మెదడును మేల్కొలిపి మూసుకున్న ద్వారాలను తెరవడం అనే అర్థం వచ్చే పేరును దానికి పెట్టాడు. ఈ రెండూ ముఖ్యంగా పక్షవాతం కోసం ఎదిగినవి. తలకు దెబ్బ తగిలి స్పృహ కోల్పోయిన వారికి వాటిని వాడటం తర్వాత వచ్చిన విస్తరణ. రెండు జబ్బుల్లోనూ చేయి కాలు పడిపోవచ్చు, మాట పోవచ్చు. అయినా రక్తనాళం పూడుకుపోవడం వేరు, బండి మీద నుంచి పడి మెదడంతా ఒక్కసారి కుదుపుకు లోనై నరాల తంతువులు తెగిపోవడం వేరు. ఒకదానిలో పనిచేసినది రెండోదానిలో పనిచేస్తుందని ముందే అనుకోవడానికి వీల్లేదు.

ప్రపంచ దృష్టి అటు మళ్లింది 1971లో. న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్ బీజింగ్‌లో ఉండగా ఆయనకు అపెండిక్స్ శస్త్రచికిత్స జరిగింది. మత్తు మామూలు ఇంజెక్షన్లతోనే ఇచ్చారు. ఆపరేషన్ తర్వాత కడుపులో కలిగిన బాధకు మాత్రం సూదులు పెట్టారు. ఆయన ఆ సంగతి అలాగే రాశాడు. కానీ ఆ కథ నోటినోటా పాకి, సూదులతోనే మత్తిచ్చి ఆపరేషన్ చేశారన్నట్టుగా మారిపోయింది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా పర్యటనతో ఆసక్తి మరింత పెరిగింది.

మన దేశానికి ఈ చికిత్స వచ్చిన దారి వేరు, గర్వించదగినది కూడా. జపాన్ దాడిలో నలిగిపోతున్న చైనాకు 1938లో భారత జాతీయ కాంగ్రెస్ ఐదుగురు వైద్యుల బృందాన్ని పంపింది. వారిలో ద్వారకానాథ్ కోట్నీస్ 1942లో అక్కడే కన్నుమూశారు. మరొకరు విజయ్ కుమార్ బసు తిరిగి వచ్చారు. 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959 నుంచి కలకత్తాలో ఆ చికిత్స మొదలుపెట్టారు. పశ్చిమ బెంగాల్ 1996లో ఇందుకు ప్రత్యేక చట్టం చేసింది, తర్వాత మహారాష్ట్ర చేసింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో దీనిని ఒక చికిత్సా విధానంగా గుర్తించి, 2019లో స్వతంత్ర వైద్య పద్ధతి హోదాకు అంగీకరించింది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. చట్టం ఎవరు చికిత్స చేయవచ్చో చెబుతుంది. ఏ జబ్బు దానితో నయమవుతుందో చెప్పడం చట్టం పని కాదు. గుర్తింపు పత్రాన్ని గోడకు తగిలించి, దానినే రుజువుగా చూపే ప్రకటనలను కుటుంబాలు ఈ తేడాతో చదవాలి.

రుజువు సంగతికి వస్తే, తలగాయాల విషయంలో అది ఆశ్చర్యపోయేంత తక్కువ. వైద్య పరీక్షల ఫలితాలను కూడగట్టి తూచే కాక్రేన్ సంస్థ సమీక్షకులు ప్రపంచంలోని అధ్యయనాలన్నీ వెతికితే, పరిశీలనకు నిలిచినవి నాలుగు; వాటన్నిటిలో కలిపి 294 మంది రోగులు. మూడింటిలో సూదులకు స్వల్ప విద్యుత్తు కలిపారు. ఆ నాలుగూ నాణ్యతలో బలహీనమైనవే కావడంతో, మేలు ఉందని గానీ లేదని గానీ చెప్పలేమని సమీక్షకులు తేల్చారు. పక్షవాతానికి సంబంధించిన సమాచారం ఇంతకంటే చాలా ఎక్కువ. 2016 సమీక్షలో 31 అధ్యయనాలు, 2,257 మంది ఉన్నారు. కదలికల్లో, మింగడంలో కొంత మెరుగుదల ఉండవచ్చన్న సూచన కనిపించినా, అధ్యయనాల నాణ్యత చాలక దానిని స్థిరమైన నిర్ధారణగా ప్రకటించలేదు.

అధ్యయనాలు ఎన్ని ఉన్నా నమ్మకం ఎందుకు కుదరదన్న ప్రశ్నకు 1998లో వచ్చిన ఒక పరిశీలన జవాబిచ్చింది. చైనా, జపాన్, హాంకాంగ్, తైవాన్‌ల నుంచి వెలువడిన ఆక్యుపంక్చర్ పరీక్షలన్నీ అనుకూల ఫలితాన్నే చూపాయని ఆ పరిశోధకులు గమనించారు. నిజంగా మంచి చికిత్సకు కూడా అప్పుడప్పుడు ప్రతికూల ఫలితం రావాలి. ఎక్కడా రాలేదంటే, ప్రతికూలంగా వచ్చినవి అచ్చుకు నోచుకోలేదనో, పరీక్ష జరిపిన తీరులో లోపం ఉందనో అనుమానించక తప్పదు. పైగా సూది విషయంలో అసలు నకిలీ తేడా దాచడం కష్టం. మాత్రకు బదులు అదే రంగు పిండి మాత్ర ఇవ్వవచ్చు, గుచ్చని సూదిని గుచ్చినట్టు నమ్మించడం ఎలా? 1998లోనే జర్మనీలో స్ట్రైట్‌బెర్గర్ అనే వైద్యుడు, చర్మానికి తాకగానే పిడిలోకి జారిపోయే మొండి సూదిని తయారుచేశాడు. రోగిని కొంతవరకు నమ్మించవచ్చు గానీ, సూది పెట్టే వైద్యుడికి తెలియకుండా ఉంచడం ఇప్పటికీ కష్టమే.

అన్నిటికంటే పెద్ద చిక్కు మెదడు స్వభావంలోనే ఉంది. తలగాయమైన మనిషి ఏ చికిత్సా తీసుకోకపోయినా, మొదటి ఆరు నెలల్లో సాధారణంగా ఎంతో కొంత తేరుకుంటాడు. వాపు తగ్గుతుంది, దెబ్బతినని భాగాలు కొత్త పని నేర్చుకుంటాయి. మూడో నెలలో సూదులు మొదలుపెట్టి, నాలుగో నెలలో మాట వస్తే, ఆ మాట సూదుల వల్ల వచ్చిందా, ఎలాగూ వచ్చేదా అన్నది ఒక్క మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు. కుటుంబం చెప్పే సాక్ష్యంలో అబద్ధం ఉండదు. కానీ పోల్చడానికి అదే దశలో సూదులు లేకుండా ఉన్న మరో మనిషి వారి కళ్లముందు ఉండడు. అందుకే రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విభజించి పోల్చే పరీక్షలు కావాలి.

ఈ కొలతను చైనా వైద్యానికే పెడుతున్నామన్న ఆరోపణ సరికాదు. మెదడు వాపు తగ్గుతుందని ఆధునిక వైద్యులు దశాబ్దాల పాటు స్టెరాయిడ్లు ఇచ్చారు. 10,008 మంది మీద జరిగిన క్రాష్ పరీక్ష 2004లో ఆ నమ్మకాన్ని కూల్చేసింది. స్టెరాయిడ్ తీసుకున్నవారిలో రెండు వారాల్లో 21.1 శాతం మంది చనిపోగా, తీసుకోనివారిలో అది 17.9 శాతం. మేలు చేస్తుందనుకున్న మందే ప్రాణాలు తీసిందని తేలింది. మన మందుల దుకాణాల్లో నేటికీ విరివిగా అమ్ముడయ్యే సిటికోలిన్‌ను 1,213 మంది తలగాయ రోగుల మీద పరీక్షిస్తే, 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం ఉత్తుత్తి మందు కంటే ఏమాత్రం ఎక్కువ ప్రయోజనం కనిపించలేదు. మరోవైపు, రక్తస్రావాన్ని ఆపే ట్రానెక్సామిక్ ఆమ్లం మూడు గంటల్లోపు ఇస్తే, తీవ్రత మరీ ఎక్కువ కాని తలగాయాల్లో మరణాలు తగ్గుతాయని 12,737 మంది మీద జరిగిన పరీక్ష 2019లో చూపింది. సూదుల మీద జరిగిన పరీక్షల్లోని 294 మందిని ఈ సంఖ్యల పక్కన పెట్టి చూడాలి.

చైనా శాస్త్రవేత్తలు ఇప్పుడు ఈ మార్గంలోనే నడుస్తున్నారన్నది గౌరవంతో చెప్పుకోవలసిన విషయం. ఒక రకం జిన్సెంగ్ మొక్క నుంచి తీసిన షుయెసాయ్‌టాంగ్ అనే మందును 3,072 మంది పక్షవాత రోగుల మీద పరీక్షించి, కొంత మేలు ఉందని 2023లో ప్రకటించారు. మెదడులో రక్తస్రావమైన వారికి ఎన్నాళ్లుగానో ఇస్తున్న మూలికల కషాయాన్ని 1,648 మంది మీద పరీక్షించి, ప్రయోజనం లేదని 2024లో అంతే నిజాయితీగా లాన్సెట్‌లో ప్రచురించారు. మలేరియా మందు ఆర్టెమిసినిన్ కథ కూడా ఇటువంటిదే. చైనా శాస్త్రవేత్త తూ యూయూ పాత గ్రంథంలోని ఒక మొక్క ప్రస్తావనను పట్టుకుని, 1971లో తక్కువ వేడి వద్ద ఈథర్‌తో దాని సారాన్ని తీసి, జంతువుల్లో, తర్వాత మనుషుల్లో పరీక్షించింది. 2015లో నోబెల్ అందుకుంది. ములుగు, భద్రాచలం ఏజెన్సీలో ఫాల్సిపారం మలేరియాకు ఇచ్చే ఆర్టిసునేట్ ఆ వంశంలోదే. గ్రంథంలో ఉన్న మందులన్నీ నోబెల్‌కు చేరలేదు. పరీక్షకు నిలిచినది చేరింది.

నష్టం గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. శుభ్రమైన, ఒకసారి వాడి పారేసే సూదితో, శిక్షణ ఉన్న మనిషి చేస్తే ఆక్యుపంక్చర్ సాధారణంగా పెద్ద ప్రమాదం కాదు. తలగాయ రోగులు సాధారణ రోగులు కారు. మెదడు వాపు తగ్గించడానికి పుర్రె ఎముక ముక్కను తీసి పొట్ట చర్మం కింద దాచిన సందర్భాలు వరంగల్ వార్డుల్లో కుటుంబాలకు తెలిసినవే. ఆ ముక్కను తిరిగి పెట్టేదాకా మెదడుకు రక్షణగా పలుచని పొరలే మిగులుతాయి. అక్కడ తలలో సూది దించడం ప్రాణాంతకం కావచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవారు, మూర్ఛ వచ్చేవారు న్యూరో సర్జన్‌ను అడగకుండా సూదులకు, ముఖ్యంగా విద్యుత్తు కలిపిన సూదులకు, వెళ్లకూడదు.

సూదుల కంటే మందుల ప్రమాదం ఎక్కువ. చైనాలో పక్షవాతానికి, కోమాకు పేరుపడ్డ ఆన్ గోంగ్ న్యూ హువాంగ్ అనే గుళికల సంప్రదాయ సూత్రంలో పాదరసం ఉన్న ఇంగిలీకం, ఆర్సెనిక్ ఉన్న మణిశిల ఉంటాయి. వాటిని ఆన్‌లైన్‌లో తెప్పించి, మూత్రపిండాలు ఇప్పటికే అలసిన రోగికి పెట్టడం చేజేతులా విషమివ్వడమే. డాన్షెన్ అనే వేరు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీయగలదు. ఏది వాడుతున్నా, పసరు మందైనా సరే, వార్డు డాక్టరుకు దాచకుండా చెప్పాలి. డాక్టర్లు కూడా కోప్పడకుండా వినాలి. కోప్పడితే మరుసటిసారి చెప్పరు.

సూదుల వల్ల మేలు ఉందో లేదో మన రోగుల మీదే తేల్చుకోవాలంటే అది అసాధ్యమేమీ కాదు. కాకతీయ వైద్య కళాశాల 1959 నుంచి ఉంది, ఆరోగ్య విశ్వవిద్యాలయం నగరంలోనే ఉంది, తలగాయ రోగులు దురదృష్టవశాత్తూ కొరతలేకుండా వస్తున్నారు. పరీక్షను మొదలుపెట్టే ముందే జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఫలితాన్ని కొలిచేవారికి ఎవరు ఏ జట్టులో ఉన్నారో తెలియకూడదు. ఆరు నెలలకు, ఏడాదికి మనిషి తన పని తాను చేసుకుంటున్నాడా లేదా అన్నదే కొలత కావాలి. అటువంటి పరీక్షలో సూదులు పెట్టిన జట్టుకూ, పెట్టని జట్టుకూ ఏడాది పాటు సక్రమమైన ఫిజియోథెరపీ, మాట శిక్షణ అందించి తీరాలి, లేకపోతే పోలికకు అర్థం ఉండదు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ ఆసుపత్రుల నుంచి ఊళ్లకు వెళ్లి ఆ శిక్షణ ఇచ్చే సిబ్బందిని తగినంత మందిని నియమించడానికి మాత్రం ఏ పరీక్ష ఫలితం కోసమూ ఆగవలసిన అవసరం లేదు.