రెండు కేబుళ్లు కలిపితే స్పీడు రెట్టింపవుతుందా? లింక్ అగ్రిగేషన్‌పై అపోహలు - వాస్తవాలు

విశాఖలో రుషికొండ ఐటీ ఆఫీసుకి వెళ్లినా, గాజువాక ఆటోనగర్‌లో ఫ్యాక్టరీకి వెళ్లినా, మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగల నెట్‌వర్క్ స్విచ్) పెట్టగానే ముందు వినిపించేది స్పీడు మాటే. లింక్ అగ్రిగేషన్ అంటే రెండు పరికరాల మధ్య ఉన్న కొన్ని కేబుళ్లను కలిపి ఒకే లింకులా వాడటం. స్పీడు నుంచే మొదలుపెడతాను.

అపోహ: రెండు 1 జీబీపీఎస్ లింకులు కలిపితే ఫైల్ కాపీ 2 జీబీపీఎస్‌లో జరుగుతుంది.

వాస్తవం: జరగదు. స్విచ్ ప్రతి ఫ్రేమ్‌లోని (డేటా ముక్కలోని) అడ్రస్‌లతో హ్యాష్ (అవే అడ్రస్‌లకి ఎప్పుడూ అదే జవాబిచ్చే లెక్క) కట్టి, ఏ లింకులో పంపాలో తేల్చుకుంటుంది. ఒక కనెక్షన్‌కి చెందిన ఫ్రేమ్‌లన్నీ ఒకే లింకులో వెళ్తాయి. వాటి వరుస తప్పకూడదనే ఈ ఏర్పాటు. అందుకే ఒక పీసీ నుంచి నాస్‌కి (నెట్‌వర్క్‌లో ఉండే స్టోరేజీ పెట్టెకి) ఒక్క కాపీ నడుస్తుంటే సెకనుకి 110 ఎంబీ చుట్టుపక్కలే ఆగిపోతుంది. చాలామంది ఒకేసారి వాడినప్పుడే రెండో లింకుకి పని దొరుకుతుంది.

అదీ హ్యాష్ సరిగ్గా ఎంచుకుంటేనే. యూజర్లంతా రౌటర్‌కి అవతల ఉన్నారనుకోండి. మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ పోర్టుల హార్డ్‌వేర్ అడ్రస్‌లు) మాత్రమే చూసే స్విచ్‌కి సర్వర్ వైపు వచ్చే ట్రాఫిక్ మొత్తం రౌటర్-సర్వర్ అనే ఒకే జంటగా కనిపిస్తుంది. ఒక లింకు నిండిపోతుంది, పక్కది ఖాళీగా ఉంటుంది. ఐపీ అడ్రస్‌లు, వీలైతే పోర్ట్ నంబర్లు కూడా లెక్కలోకి తీసుకునే ఆప్షన్ పెట్టండి. లింకును ఎంచుకునేది పంపేవైపు కాబట్టి ఈ సెట్టింగ్ రెండు చివర్లా చూడాల్సిందే.

అపోహ: ఎల్‌ఏసీపీ (రెండు చివర్లూ సందేశాలు పంపుకుంటూ లింకులు కలిపే పద్ధతి) ఎందుకు, స్టాటిక్ (సందేశాలు లేకుండా చేత్తో కలపడం) చాలు.

వాస్తవం: మధ్యలో మీడియా కన్వర్టర్ (రాగి కేబుల్‌ని ఫైబర్‌కి కలిపే పెట్టె) ఉంటే, అవతల ఫైబర్ తెగినా ఇటు పోర్టు లైటు వెలుగుతూనే ఉండొచ్చు. స్టాటిక్‌లో స్విచ్ ఆ చచ్చిన లింకులోకి ట్రాఫిక్ పంపుతూనే ఉంటుంది. ఎల్‌ఏసీపీ అయితే అవతలి నుంచి సందేశాలు ఆగిపోగానే గమనిస్తుంది. స్లో టైమర్‌లో 90 సెకన్లకు, ఫాస్ట్‌లో 3 సెకన్లకు ఆ లింకును పక్కన పెడుతుంది. ఒకవైపైనా యాక్టివ్ (తానే సందేశాలు మొదలుపెట్టే మోడ్) ఉండాలి, రెండూ ప్యాసివ్ (అవతలివైపు మొదలుపెట్టేదాకా ఆగే మోడ్) అయితే బండిల్ (కలిపిన లింకుల గుంపు) ఏర్పడదు. వర్చువల్ మెషీన్లు నడిపే వీఎంవేర్‌లోని స్టాండర్డ్ స్విచ్‌కి ఎల్‌ఏసీపీ రాదు, అక్కడ స్టాటిక్ తప్పదు.

అపోహ: ఒక కేబుల్ ఈ స్విచ్‌కి, ఇంకోటి పక్క స్విచ్‌కి పెట్టి కలపొచ్చు.

వాస్తవం: ఆ రెండూ స్టాక్‌లోనో ఎంలాగ్‌లోనో (రెండు స్విచ్‌లు అవతలివైపుకి ఒక్కటిగా కనిపించే ఏర్పాట్లు) ఉంటేనే.

అపోహ: పోర్ట్ చానల్ (స్విచ్‌లో బండిల్‌కి ఉండే పేరు) అప్ అయితే పని అయిపోయినట్టే.

వాస్తవం: మన విశాఖలో ఈ నమ్మకం మరీ ప్రమాదం. బీచ్ రోడ్డు వైపు ఉప్పు గాలికి కనెక్టర్ల పిన్నులు తుప్పు పడతాయి. లింకు పడిపోదు, ఎర్రర్లు వస్తాయి. ఎల్‌ఏసీపీ సందేశాలు చిన్నవి, అప్పుడప్పుడే వెళ్తాయి కాబట్టి అవి దాటిపోతాయి, బండిల్ నిక్షేపంగా కనిపిస్తుంది. హ్యాష్ ఆ లింకుకి పంపినవాళ్లకే నెట్ నత్తనడక, పక్క టేబుల్ వాళ్లకి ఏమీ తెలియదు. ఇలాంటి కంప్లైంట్ వస్తే యూజర్ మీద విసుక్కోకండి, అతను చెప్పేది నిజమే. పోర్ట్ చానల్ మొత్తాన్ని కాకుండా ఒక్కో పోర్టు సీఆర్‌సీ కౌంటర్ (పాడై వచ్చిన ఫ్రేమ్‌ల లెక్క) విడిగా చూడండి. క్లియర్ చేసి, గంట తర్వాత మళ్లీ చూడండి. అంకె పెరుగుతుంటే ముందు ఆ కేబుల్ మార్చండి.